పడ్డచోటు నుంచే

చేతిలో జానెడు వెడల్పున్న ప్లాస్టిక్ పళ్లెం. ఎదురుగా యాభై అరవై మీటర్ల అవతల ఇనుప కడ్డీకి బిగించిన బుట్ట, దాని మీదుగా వేలాడే గొలుసులు. మధ్యలో చెట్లు. పళ్లెం విసురుతారు. అది పడ్డచోటికి నడిచివెళ్లి, అక్కడ నిలబడి మళ్లీ విసురుతారు. గొలుసులకు తగిలి బుట్టలో పడేదాకా ఇదే పని. తక్కువ విసుర్లతో అన్ని బుట్టలూ ముగించినవాళ్లు గెలిచినట్టు. ఈ ఆట పేరు డిస్క్ గోల్ఫ్, ఆడే స్థలాన్ని కోర్సు అంటారు.

అమెరికా, కెనడా, ఫిన్లాండ్, ఎస్టోనియా వంటి దేశాల్లో ఊరి పార్కుల్లో ఇది మామూలు ఆట. చాలాచోట్ల టికెట్టు ఉండదు, ఎవరైనా వచ్చి ఆడుకోవచ్చు. డాలస్‌లోనో, షార్లెట్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన ప్రాంత తల్లిదండ్రులు సాయంత్రం నడకలో ఈ గొలుసుబుట్టలు చూసే ఉంటారు. అవేమిటో అడిగి తెలుసుకున్నవాళ్లు తక్కువ.

నేను ఈ ఆట గురించి రాస్తున్నది చిట్యాల, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దారిలో బతుకుతున్న యువత కోసం. ఫార్మా కంపెనీలో షిఫ్టు చేస్తూ పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, హైవే హోటల్లో పనిచేస్తూ డిగ్రీ పూర్తి చేయాలనుకునేవాళ్లు, పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు. వీళ్లందరికీ ఊరంతా ఇచ్చే సలహా ఒకటే: పెద్ద లక్ష్యం పెట్టుకో, ఉన్న శక్తంతా పెట్టు. చెట్ల మధ్య ఉండే పొట్టి కోర్సు ఈ సలహాలోని లోపాన్ని పది నిమిషాల్లో బయటపెడుతుంది. శక్తంతా పెట్టి విసిరినవాడి పళ్లెం మూడో చెట్టుకు తగిలి పొదలో పడుతుంది. పక్కనే నెమ్మదిగా, తర్వాతి విసురుకు వీలైన చోటు చూసి వేసినవాడు రెండు విసుర్లు ముందుంటాడు.

రేకుమూతలతో మొదలు

1926లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో బ్లాడ్‌వర్త్ అనే చిన్న ఊరు. అక్కడి బడిపిల్లలు, రోనాల్డ్ గిబ్సన్ అనే కుర్రాడూ అతని స్నేహితులూ, బడి ఆవరణలో ఇసుక ఉన్నచోట నాలుగడుగుల వలయాలు గీసి, డబ్బాల రేకుమూతలు విసిరి వాటిలో పడేయడం ఆటగా పెట్టుకున్నారు. దానికి రేకుమూతల గోల్ఫ్ అని పేరు పెట్టుకున్నారు. ఈ ఆట చరిత్ర చెప్పేవాళ్లు తరచూ ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1957లో వామో అనే కంపెనీ ఫ్రెడ్ మోరిసన్ తయారుచేసిన ఎగిరే పళ్లేన్ని అమ్మకానికి పెట్టింది. అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాన్ని సూటిగా, నిలకడగా ఎగిరేలా సరిదిద్దాడు. 1975లో కాలిఫోర్నియాలో, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీని ఆనుకుని ఉన్న ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆట కోసమే మొదటి శాశ్వత కోర్సు వేశాడు. మొదట్లో గురి కోసం స్తంభాలు పాతారు. పళ్లెం స్తంభానికి తగిలిందా లేదా అన్న వాదులాట తెగేది కాదు. ఆ గొడవకు పరిష్కారంగా పుట్టిందే గొలుసుల బుట్ట. 1976లో హెడ్రిక్ ఈ ఆటకు సంఘం కూడా పెట్టాడు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి పళ్లేలు పోశారు. చేసే పనిని అంతగా ప్రేమించిన మనిషి నిలబెట్టిన ఆట ఇది.

మొదటి కోర్సు ఇప్పటి పెద్ద పోటీల కోర్సుల పక్కన పెడితే పొట్టిదే. ఓక్ చెట్ల నీడ, నడిచే దారులు, పక్కనే వాహ్యాళికి వచ్చిన కుటుంబాలు. ఆట స్థిరపడింది మామూలు జనం తిరిగే చోట.

మనకూ ఇలాంటివి కొత్తకాదు. చిర్రగోనె ఆడుతూ, చిర్ర ఎక్కడ పడిందో చూసి, గోనెతో కొలుచుకుంటూ లెక్క వేసుకున్న తరం మన ఊళ్లలో ఇంకా ఉంది. స్టేడియం కట్టించమని ఎవరినీ అడగకుండానే మన పెద్దలు అంచనా, గురి, లెక్క నేర్చుకున్నారు.

మీ చేతికి తగిన పళ్లెం

కుడిచేతివాటం మనిషి చేతిని ఎడమవైపు నుంచి ఊపి విసిరితే, పైనుంచి చూసినప్పుడు పళ్లెం గడియారపు ముల్లులా తిరుగుతుంది. వేగం ఉన్నంతసేపు సూటిగానో, కాస్త కుడికో పోతుంది. వేగం తగ్గేకొద్దీ ఎడమకు వాలి దిగుతుంది. పళ్లెం తిరుగుతూ ఉండబట్టే గాలిలో నిలకడగా పోతుంది. ఎంత వేగానికి ఎంత కుడికి పోతుంది, చివర్లో ఎంత ఎడమకు వాలుతుంది అన్నది దాని అంచు మీద ఆధారపడి ఉంటుంది. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా చెక్కినట్టు తయారుచేసిన పళ్లెం తెచ్చాక దూరాలు ఒక్కసారిగా పెరిగాయి. ఇప్పుడు మూడు రకాలు దొరుకుతాయి. పదునైన అంచుతో దూరం పోయే డ్రైవర్, మధ్యరకం, మొద్దు అంచుతో నెమ్మదిగా సూటిగా పోయే పట్టర్. చాలా పళ్లేల మీద వేగం, తేలిక, కుడి మలుపు, ఎడమ వాలు అని నాలుగు అంకెలు కూడా ముద్రిస్తారు.

కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ డ్రైవర్‌నే ఎంచుకుంటారు. చాంపియన్లు దానితో నూట యాభై మీటర్లు విసురుతారని విని ఉంటారు. కానీ డ్రైవర్ తన లెక్కన ఎగరాలంటే చేతిలో ఆ వేగం ఉండాలి. లేకపోతే అది ఎగిరీ ఎగరకముందే ఎడమకు తిరిగి నేల కరుస్తుంది. పళ్లెంలో లోపం లేదు, మనిషిలోనూ లోపం లేదు. రెండూ ఒకదానికొకటి కుదరలేదు, అంతే. అదే మనిషి చేతిలో పట్టర్ పెడితే నలభై మీటర్లు గీత గీసినట్టు పోతుంది. పొట్టి కోర్సులో కావలసింది ఆ నలభై మీటర్లే.

గ్రూప్స్ చదివే కుర్రాళ్ల గదుల్లో గోడకు అంటించిన టైంటేబుళ్లు చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. ర్యాంకు వచ్చిన మనిషి రోజుకు పన్నెండు గంటలు చదివానని చెప్తాడు. అతనికి ఇంట్లో అన్నం దొరికింది, చేతిలో రెండేళ్లు ఉన్నాయి. ఎనిమిది గంటల షిఫ్టు చేసి, బస్సులో గంట నిలబడి వచ్చినవాడు ఆ టైంటేబుల్ పెట్టుకుంటే నాలుగోరోజుకే తప్పుతాడు. తప్పిన ప్రతిరోజూ తనమీద తనకు గౌరవం కొంత తగ్గుతుంది. రోజుకు రెండు గంటలు, అదీ ఏ గంటలో మెదడు మెలకువగా ఉంటుందో చూసుకుని, ఒక్క సబ్జెక్టు. మీ చేతి వేగానికి తగిన పళ్లెం అదే. చేతి వేగం పెరిగినప్పుడు పళ్లెం మార్చుకోవచ్చు.

ఏ సందు?

చెట్ల కోర్సులో మొదటి విసురుకు నిలబడగానే సాధారణంగా రెండు మూడు దారులు కనబడతాయి. సూటిగా బుట్టవైపు తెరుచుకున్న ఇరుకు సందు ఒకటి. పక్కగా, వంపు తిరిగి పోయే వెడల్పాటి దారి ఇంకొకటి. కొత్తవాడి చూపు బుట్టమీద ఉంటుంది. అనుభవం ఉన్నవాడు బుట్టను ఒకసారి చూసి వదిలేసి, సందునూ, పళ్లెం పడబోయే చోటునూ చూస్తాడు. చెట్టంటే తొంభై పాళ్లు గాలే అని ఈ ఆటగాళ్లలో ఒక మాట ఉంది. ఆ ధైర్యంతో విసిరినవాళ్లకు తక్కిన పది పాళ్లూ బాగా తెలిసొస్తాయి.

ఇక్కడ లెక్క వేసి చూద్దాం. కాగితం మీద వేసుకుంటేనే ఇది అర్థమవుతుంది. ఇరుకు సందులోంచి పోతే బుట్ట రెండు విసుర్లలో అయిపోతుంది, చెట్టుకు తగిలితే నాలుగు పడతాయి అనుకుందాం. వెడల్పు దారిలో సరిగ్గా పోతే మూడు, తప్పితే నాలుగు. ఇరుకు సందు మీకు పదిసార్లలో మూడుసార్లు దొరుకుతుంది, వెడల్పు దారి ఎనిమిదిసార్లు. పదిసార్లు ఆడితే ఇరుకు సందుతో మొత్తం 34 విసుర్లు, వెడల్పు దారితో 32. చూడటానికి పిరికిదారిలా కనబడేదే గెలుస్తోంది.

కానీ లెక్క ఇక్కడితో ఆగదు. మీరు సాధన చేసి ఇరుకు సందును పదింటిలో అయిదుసార్లు పట్టగలిగితే, అదే దారిలో మొత్తం 30కి దిగుతుంది. అప్పుడు వెడల్పు దారిలో పోవడమే తప్పు. అంటే సాహసం చేయాలా వద్దా అన్నది స్వభావానికి సంబంధించిన ప్రశ్న కానేకాదు. మీ చేతికి ఇవాళ ఎంత వచ్చో నిజాయితీగా తెలుసుకోవడం మీద ఆధారపడిన ప్రశ్న. ఆరునెలల కిందట సరైన సమాధానం ఇవాళ తప్పు కావచ్చు. ఉద్యోగం మానేసి పూర్తిగా చదువుకు కూర్చోవాలా, కూరగాయల కొట్టు పక్కన రెండో కొట్టు తెరవాలా, హైదరాబాద్‌కు మారాలా అని మీరు అడుగుతున్నప్పుడు స్నేహితులు ధైర్యం గురించి మాట్లాడతారు. వాళ్లను అంకెలు అడగండి. మొన్న రాసిన మాక్ టెస్టుల్లో ఎన్ని మార్కులు వచ్చాయి, గడిచిన ఆరు నెలల్లో కొట్టుకు ఎన్ని నెలలు లాభం వచ్చింది. పదింటిలో ఎన్ని అన్నది తెలియకుండా ధైర్యం గురించి మాట్లాడి లాభం లేదు.

కొమ్మను విరచకూడదు

ఈ ఆట నిబంధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది పొదలో పడ్డ పళ్లెం గురించి చెప్పేది. పళ్లెం ఆగినచోట గుర్తు పెడతారు. ఆ గుర్తు వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న చిన్న చోటులో మీ పాదం ఆనాలి. అక్కడి నుంచే విసరాలి. అడ్డంగా ఉన్న కొమ్మను విరచకూడదు, వంచి పట్టుకోకూడదు, ఎవరిచేతా పట్టించకూడదు. చెట్టు అతి తక్కువ కదిలేలా మీ ఒళ్లే వంచుకోవాలి. మోకాలి మీద కూర్చోవచ్చు, పక్కకు వాలవచ్చు, ఎడమచేత్తో విసరవచ్చు. ఆలోచించుకోవడానికి అరనిమిషం.

ఆ అరనిమిషంలో మనిషి బుర్రలో ఏం నడుస్తుందో పొదలో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. ముందు విసురు మీద కోపం. పక్కవాళ్లు చూస్తున్నారన్న సిగ్గు. పోయినదంతా ఒకే విసురులో రాబట్టాలన్న తొందర. ఆ తొందరలో ఆకుల సందున అరచెయ్యి పట్టని కంతలోంచి బుట్టవైపు గట్టిగా విసురుతారు. పళ్లెం కొమ్మకు తగిలి ఇంకా లోపలికి పోతుంది. ఆడటం వచ్చినవాడు పక్కకు తిరిగి, అవసరమైతే వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న బాట మీదికి మెల్లగా పడేస్తాడు. దానికి ఒక విసురు ఖర్చవుతుంది. గట్టిగా విసిరినవాడికి మూడు ఖర్చవుతాయి.

మన దగ్గర ఈ పక్కవిసురుకు విలువ లేదు. మూడు సబ్జెక్టులు మిగిలిన పిల్లవాడు ముందు అవి రాసి డిగ్రీ పట్టా తీసుకుందామంటే, "ఇంకా అక్కడే ఉన్నవా?" అంటారు. నష్టం వచ్చిన వ్యాపారాన్ని సగానికి తగ్గించి అప్పు తీర్చుకుందామంటే, "నలుగురేమనుకుంటరు?" అంటారు. ఆ మాట భరించలేకే వడ్డీకి తెచ్చి మళ్లీ పెట్టుబడి పెడతారు. ఈ ప్రాంతంలో ఎండిన బోరు పక్కనే ఇంకో బోరు, దాని పక్కన మూడోది వేయించి అప్పుల పాలైన రైతు కుటుంబాలు ఎన్నో మనకు తెలుసు. నీళ్లు లేక వేసినవాళ్లు కొందరు, ఆగితే పరువు పోతుందని వేసినవాళ్లు కొందరు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇవాళ ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పాలి: వెనక్కి ఒక అడుగు వేసి బాట మీదికి రావడం ఓటమి లెక్కలోకి రాదు. ఆ ఒక్క విసురు ఖర్చు ఒప్పుకోండి, రాసుకోండి, ముందుకు నడవండి.

రాసుకోవడం గురించి ఇంకో మాట. ఈ ఆటలో మామూలుగా అంపైర్ వెంట ఉండడు. నలుగురు కలిసి నడుస్తారు, ఎవరి విసుర్లు వాళ్లే చెప్తారు, మిగతావాళ్లు వింటారు. పొదలో ఎవరూ చూడని చోట కాలు తగిలి గుర్తు జరిగితే మీకే తెలుస్తుంది. తక్కువ రాసుకుంటే ఆరోజు గెలవచ్చు. కానీ పదింటిలో మీకు ఎన్ని వస్తాయన్న లెక్క పాడైపోతుంది. ఆ పాడైన లెక్కతోనే రేపు సందు ఎంచుకుంటారు.

జేమ్స్ కాన్రాడ్ విసురు

జాగ్రత్త ఎప్పుడు వదిలేయాలో కూడా చెప్పాలి. 2021 జూన్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రం, ఆగ్డెన్ పట్టణంలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. ఆఖరి బుట్ట దగ్గర జేమ్స్ కాన్రాడ్, అప్పటికే ఎన్నోసార్లు చాంపియన్ అయిన పాల్ మెక్‌బెత్ కన్నా వెనకబడి ఉన్నాడు. బుట్ట 247 అడుగుల దూరంలో, అంటే సుమారు 75 మీటర్ల అవతల ఉంది. నేరుగా బుట్టలో పడితేనే సమం. మెల్లగా పక్కన వేసుకుంటే గెలుపు చేజారినట్టే. అతను విసిరాడు, అది గాలిలో వంపు తిరిగి గొలుసుల్లో పడింది. ఆ వెంటనే ఆడిన అదనపు బుట్టలో గెలిచి ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఆ వీడియో చూసినవాళ్లు అద్భుతం అంటారు. నేను రెండు విషయాలు చూస్తాను. ఒకటి, అతను వాడింది పట్టర్. చేతికి బాగా అలవాటైన, నెమ్మదైన పళ్లెం. రెండు, ఆ విసురుకు బదులు ఇంకో దారి మిగల్లేదు. పోగొట్టుకునేది తక్కువ, పడితే దొరికేది మొత్తం. అలాంటి చోట వెనకాడకూడదు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చి, రానుపోను బస్సు ఖర్చు తప్ప పోయేదేమీ లేనప్పుడు, "మనకు రాదులే" అని ఇంట్లో కూర్చునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. వెడల్పు దారి అలవాటైపోయి ఇరుకు సందు అవసరమైనచోటా ఆగిపోవడం కూడా లెక్క తప్పడమే.

మన చెట్ల కింద

2020 నుంచి తెలంగాణ ఊళ్లలో పల్లె ప్రకృతి వనాలు, పట్టణాల్లో పట్టణ ప్రకృతి వనాలు వేశారు. చాలావాటిలో నడిచే బాట ఉంది, కానుగ, వేప, నేరేడు లాంటి చెట్లు ఎదుగుతున్నాయి. 2022 జూన్ 2 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలూ మొదలయ్యాయి. పొట్టి కోర్సుకు ఇంతకన్నా పెద్ద జాగా అక్కర్లేదు. మూడు బుట్టలు, ఒక్కోటి ముప్పై నలభై మీటర్లు ఉంటే చాలు, గంటసేపు ఆడుకోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. లేత మొక్కల మధ్య ఆడకండి, బెరడు దెబ్బతింటే మొక్క కోలుకోవడం కష్టం. పెరిగిన చెట్లున్న మూల చూసుకోండి. ఈ ఆట పళ్లెం సుమారు 150 నుంచి 175 గ్రాములు ఉంటుంది, అంచు గట్టిది, తలకు తగిలితే ప్రమాదం. దారిలో నడిచేవాళ్లు ఉంటే వాళ్లు దాటేదాకా ఆగాలి, పొరపాటున అటు పోతే గట్టిగా కేకవేయాలి. పొదలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, మన నేలలో పాములు మామూలే. ఎండాకాలం పొద్దున ఏడులోపు ముగించండి. ఆషాఢం గాలికి ఎదురుగా విసిరితే పళ్లెం లేచి కుడికి తిరిగిపోతుంది, కాబట్టి తక్కువ ఎత్తులో, మెల్లగా విసరండి.

ఆట పళ్లెం కొనే వీల్లేకపోతే పెయింటు బకెట్టు ప్లాస్టిక్ మూతతో మొదలుపెట్టండి. రేకుమూత వద్దు, పక్కన జనం తిరుగుతారు. బుట్టకు బదులు కర్రకు కట్టిన వెదురు గంప చాలు. అమ్మాయిలనూ పిలవండి. ఈ ఆటలో భుజబలం కన్నా చూపు ముఖ్యం, పొట్టి కోర్సులో అందరూ ఒకే గీత నుంచి ఆడొచ్చు. ప్రతి బుట్టకూ ఎవరికెన్ని పట్టాయో ఒక నోటుపుస్తకంలో రాయండి. నెల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే మీ చేతి గురించీ, మీ కోపం గురించీ, మీ తొందర గురించీ నేను చెప్పగలిగినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఈ ఆదివారం నలుగురు కలిసి మీ వార్డు కౌన్సిలర్‌నో, పంచాయతీ కార్యదర్శినో కలవండి. ప్రకృతి వనం మూల ఒక గంప పాతుకోవడానికి అనుమతి అడగండి. మొక్కలకు నీళ్లుపోసే పని మీరే చూసుకుంటామని కూడా చెప్పండి.